కార్వింగ్ స్నోబోర్డు మీద బైండింగ్ కోణాలు, లిఫ్ట్, క్యాంట్ సరిచేసుకోవడం ఎలా?

హార్డ్ బూట్లతో (స్కీ బూట్లలాంటి గట్టి బూట్లు) కార్వింగ్ (బోర్డును అంచు మీద వాల్చి, పక్కకు జారకుండా మలుపు తిరగడం) మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఇదే: "ముందు పాదం ఎన్ని డిగ్రీలు పెట్టాలి, వెనక పాదం ఎన్ని?" అంకె చెప్పడం తేలికే. ముందు 55–65, వెనక 50–60 మధ్యలో ఎక్కడో ఒకచోట చాలామంది స్థిరపడతారు. కానీ ఆ అంకె వాళ్ల బోర్డు వెడల్పుకూ వాళ్ల బూటు పొడవుకూ కుదిరింది. అదే తెచ్చి మీ బోర్డు మీద పెడితే మడమ మంచుకు రాసుకోవచ్చు, లేదా ఎడ్జ్ (బోర్డు పక్క అంచు) మీద పట్టు చాలకపోవచ్చు.

ఈ పనిలో అంకెల కన్నా వరుస ముఖ్యం. కోణం ఎంతన్నది బోర్డు వెడల్పును బట్టి ఉంటుంది. రెండు కోణాల మధ్య తేడా మోకాళ్లను బట్టి ఉంటుంది. లిఫ్ట్ ఆ తర్వాత, క్యాంట్ అన్నిటికన్నా చివర. మోకాలు నొప్పిగా ఉందని నేరుగా క్యాంట్ తిప్పడం మొదలుపెడితే సీజన్ గడిచిపోతుంది గానీ పని తెమలదు.

ముందు నాలుగు మాటలు తేల్చుకుందాం:

- కోణం: బోర్డుకు అడ్డంగా పాదం పెడితే 0, నోస్ (బోర్డు ముందు కొన) వైపు నేరుగా పెడితే 90.
- స్ప్లే: ముందు పాదం కోణంలోంచి వెనక పాదం కోణం తీసేస్తే మిగిలేది.
- లిఫ్ట్: వేళ్లనో మడమనో పైకెత్తడం. మామూలుగా ముందు పాదానికి వేళ్లు, వెనక పాదానికి మడమ.
- క్యాంట్: పాదాన్ని పక్కకు వాల్చడం. బయటి అంచు పైకి లేస్తే మోకాలు లోపలికి వస్తుంది, లోపలి అంచు లేస్తే మోకాలు బయటికి పోతుంది.

## 1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ బైండింగ్ (బూటును బోర్డుకు పట్టి ఉంచే పరికరం) స్క్రూలకు సరిగ్గా పట్టే అలెన్ కీ లేదా స్క్రూడ్రైవర్. కొంచెం వదులుగా ఉన్నా స్క్రూ తల అరిగిపోతుంది.
- టేపు, కోణమాని, చిన్న మూలమట్టం
- మాస్కింగ్ టేపు, సన్న మొన పెన్ను
- దారం, దాని చివర కట్టడానికి ఒక నట్టు
- వాలు కొలిచే యాప్ ఉన్న ఫోన్, లేకపోతే రసమట్టం
- రాసుకోవడానికి ఒక పుస్తకం

పని మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న అమరికను ఫోటో తీసి, అంకెలన్నీ రాసుకోండి. కొత్తది నచ్చకపోతే పాతదానికి పోవడానికి దారి ఉండాలి. బోర్డును కదలని బల్ల మీద గానీ తివాచీ మీద గానీ పెట్టండి. ఇన్సర్ట్‌లలో (బోర్డులో స్క్రూలు దిగే మర రంధ్రాలు) నీళ్లు, మంచు, పాత జిగురు ముక్కలు లేకుండా తుడవండి.

## 2. బైండింగ్ ముట్టుకునే ముందు బూట్లు

బూటులో మడమ పైకి లేస్తుంటే కింద ఎన్ని డిస్కులు (బైండింగ్‌ను బోర్డుకు బిగించే గుండ్రటి బిళ్లలు) మార్చినా ఉపయోగం లేదు. లోపలి లైనర్ సర్దుకుని, బకిల్స్ మీరు స్లోప్ మీద బిగించేంతే బిగించండి.

తర్వాత బూటు పై భాగాన్ని పక్కకు వాల్చే స్క్రూలు చూడండి. చాలా హార్డ్ బూట్లకు చీలమండ దగ్గర ఇవి ఉంటాయి. కాళ్లు కొద్దిగా దొడ్డివైనా, మోకాళ్లు రాసుకునేలా ఉన్నా ఆ వంపును ముందు ఇక్కడే సరిచేయాలి. సమతలం మీద బూట్లతో నిలబడితే పిక్క రెండు పక్కలా బూటుకు ఒకేలా ఆనాలి. ఒక పక్క ఖాళీ, ఇంకో పక్క ఒత్తిడి ఉంటే స్క్రూ వదులు చేసి, కాలు ఎలా వాలుతుందో అలా వాలనిచ్చి, తిరిగి బిగించండి.

ముందుకు వాలు విషయంలో వెనక బూటుకు కాస్త ఎక్కువ, ముందు బూటుకు తక్కువ పెట్టుకోవడం మామూలు పద్ధతి. ఈ దశలో ఏదో ఒక నడిమి గాటులో ఉంచి వదిలేయండి. లిఫ్ట్ కుదిరాక మళ్లీ చూద్దాం, ఎందుకంటే మడమ కింద ఎత్తు పెరిగితే పిక్క కూడా ముందుకు వాలుతుంది. రెండూ కలిపి ఎక్కువైపోతే వెనక కాలు తొందరగా అలిసిపోతుంది.

## 3. పాదాల మధ్య దూరం, మధ్య గుర్తు

ఒక డిస్కు మధ్య నుంచి ఇంకో డిస్కు మధ్యకు కొలవండి. మొదటి అంచనాకు గజ్జల నుంచి నేల దాకా ఉన్న కొలతను 0.6తో గుణించండి: 80 సెం.మీ. ఉంటే 48 సెం.మీ. మొదలుపెట్టడానికి ఇది చాలు. ఇన్సర్ట్‌ల వరుసను బట్టి, డిస్కులో ఉన్న రంధ్రాలను బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

బోర్డు మీద తయారీదారు మధ్య గుర్తు పెట్టి ఉంటే రెండు బైండింగ్‌లూ దానికి సమాన దూరంలో ఉండాలి. వెనక్కి జరపడం, ముందుకు జరపడం ఇప్పుడే వద్దు.

ఈ దూరం (స్టాన్స్ వెడల్పు) మారిన ప్రతిసారీ లిఫ్ట్ అవసరం కూడా మారుతుందని గుర్తుంచుకోండి. కాళ్లు దూరమైన కొద్దీ ముందు పిక్క వెనక్కి, వెనక పిక్క ముందుకు ఎక్కువ వాలాలి. అందుకే వెడల్పు తేలకుండా లిఫ్ట్ జోలికి పోవద్దు.

## 4. కోణం: వెనక పాదంతో మొదలుపెట్టండి

చాలామంది ముందు పాదం కోణం పెట్టుకుని వెనకది దానికి ఐదు తగ్గిస్తారు. నేను చెప్పేది దీనికి తలకిందులు. వెనక పాదం కోణం చిన్నది, అంటే అది ఎక్కువ అడ్డంగా ఉంటుంది, అంటే బోర్డు బయటికి వచ్చేది ముందు అదే. దానికి ఎంత కనీసం కావాలో తేల్చుకుంటే ముందు పాదానిది తనంత తానే తేలుతుంది.

బూటు అడుగు ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో లెక్క కట్టొచ్చు. అడుగు పొడవును కోణం కొసైన్‌తో, అడుగు వెడల్పును అదే కోణం సైన్‌తో గుణించి కలపండి. 30 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు ఉన్న అడుగుకు ఇలా వస్తుంది:

- 45 డిగ్రీలు: 26.2 సెం.మీ.
- 50 డిగ్రీలు: 24.6 సెం.మీ.
- 55 డిగ్రీలు: 22.9 సెం.మీ.
- 60 డిగ్రీలు: 21.1 సెం.మీ.
- 65 డిగ్రీలు: 19.0 సెం.మీ.

బూటు మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఇందులోంచి 1–2 సెం.మీ. తీసేయండి. మిగిలినదాన్ని బైండింగ్ కూర్చునే చోట బోర్డు వెడల్పుతో పోల్చండి. నడుము (బోర్డు మధ్యలో సన్నటి చోటు) వెడల్పుతో పోల్చకూడదు. సైడ్‌కట్ (బోర్డు పక్కలు లోపలికి వంగి ఉండడం) వల్ల పాదాల దగ్గర బోర్డు నడుము కన్నా అర సెంటీమీటరు అటూ ఇటూగా ఎక్కువ వెడల్పు ఉంటుంది, కాబట్టి టేపు అక్కడే పెట్టి కొలవండి.

ఈ పట్టిక చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కోణంలో ఐదు డిగ్రీల తేడా అంటే వెడల్పులో ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు. 20 సెం.మీ. నడుము ఉన్న బోర్డు మీద పెద్ద పాదాలవాళ్లు 50 డిగ్రీలు పెట్టుకుంటామంటే బోర్డు ఒప్పుకోదు. కోణం తగ్గించాలని నిజంగా ఉంటే వెడల్పైన బోర్డు తీసుకోవడమే దారి.

మరి కొంచెం బయటికి వస్తే ఏమవుతుంది? బైండింగ్ వల్ల బూటు అడుగు బోర్డు అడుగు కన్నా 3 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు:

- అర సెం.మీ. బయటికి ఉంటే, బోర్డు సుమారు 80 డిగ్రీలు వాలినప్పుడు బూటు మంచుకు తగులుతుంది.
- 1 సెం.మీ. ఉంటే, 72 డిగ్రీల దగ్గర.
- 2 సెం.మీ. ఉంటే, 56 డిగ్రీలకే.

ఇది గట్టి మంచు లెక్క. మెత్తటి మంచులో ఎడ్జ్ లోపలికి దిగుతుంది కాబట్టి ఇంకా ముందే తగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అర సెంటీమీటరు దాటనివ్వకపోవడం మేలు. ఐసొలేషన్ ప్లేటు (బోర్డుకూ బైండింగ్‌కూ మధ్య వేసేది) వాడేవాళ్లకు ఎత్తు పెరుగుతుంది కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది.

అలాగని భయపడి కోణం మరీ పెంచేయకండి. వేళ్లూ మడమా ఎడ్జ్‌కు బాగా లోపలికి పోతే బోర్డును వాల్చడానికి ఎక్కువ బలం పెట్టాలి. సమతలంలో బూటు అడుగు ఎడ్జ్‌తో సమంగా ఉండేది సరైన కోణం.

చేసే పద్ధతి: వెనక బైండింగ్‌ను లెక్కలో వచ్చిన కోణంలో వదులుగా పెట్టండి. బూటు బిగించండి. మూలమట్టాన్ని ఎడ్జ్‌కు ఆనించి నిలబెట్టి, వేళ్ల వైపు బూటు ఎంత దూరంలో ఉందో చూడండి. మడమ వైపూ అలాగే. బూటుతో ఆగిపోకండి. ముందుండే లివరూ వెనక ఉండే బెయిల్ తీగా (బూటు అంచును పట్టుకునే తీగ) బూటు కన్నా బయటికి పొడుచుకొస్తాయి, మంచుకు ముందు తగిలేది చాలాసార్లు అవే.

## 5. బూటును సరిగ్గా మధ్యకు తేవడం

వేళ్ల వైపు 8 మి.మీ. బయటికి ఉండి మడమ వైపు 4 మి.మీ. లోపలికి ఉంటే కోణం తప్పు కాదు, బూటు మధ్యలో లేదు. కోణం మార్చకుండా, బైండింగ్‌లో టో (వేళ్ల వైపు) ముక్కనూ హీల్ (మడమ వైపు) ముక్కనూ ఒకే వైపు ఒకే గాటు జరపండి. బూటు బిగువు మారకుండా స్థానం మాత్రమే మారుతుంది.

తర్వాత బిగువు. లివర్ మూసేటప్పుడు అరచేత్తో గట్టిగా నొక్కితే టప్పున పడాలి. వేలితో పడిపోతే వదులు, మోకాలు ఆనిస్తే గానీ పడకపోతే మరీ బిగువు. స్టెప్-ఇన్ మడమ (తొక్కితే పట్టేసే రకం) ఉన్నవాళ్లు రెండు పక్కలా పిన్నులు పూర్తిగా బయటికొచ్చి గూట్లో కూర్చున్నాయో లేదో కళ్లతో చూడాలి. చప్పుడు విని నమ్మితే చాలదు. ఒక పక్క పిన్ను పడినా ఆ చప్పుడు వస్తుంది.

## 6. స్ప్లే

వెనక పాదం తేలింది. ఇప్పుడు ముందు పాదానికి దాని మీద 3 నుంచి 6 డిగ్రీలు కలపండి. వెనక 55 అయితే ముందు 58–61.

ఇది సరిగ్గా ఉందా అని మోకాళ్లను అడగాలి. బైండింగ్‌లలో నిలబడి సగం కూర్చోండి. దారానికి నట్టు కట్టి మోకాలి చిప్ప మధ్య నుంచి వేలాడదీయించండి (పక్కన ఒకరు ఉంటే తేలిక). నట్టు బొటనవేలికీ మూడో వేలికీ మధ్య ఎక్కడో ఒకచోట పడాలి. రెండు మోకాళ్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే స్ప్లే పెంచండి. తుంటి రెండు దిక్కులకు లాగినట్టుంటే తగ్గించండి.

వెనక పాదం కోణం ముందుదాని కన్నా పెద్దదిగా పెట్టకండి. వెనక మోకాలు ముందు మోకాలి వెనక్కి పోయి ఇరుక్కుంటుంది.

## 7. లిఫ్ట్

ఇక్కడి దాకా బోర్డు చెప్పినట్టు విన్నాం. ఇకపై ఒళ్లు చెప్పేది వినాలి.

ముందు పాదం వేళ్లు ఎత్తడం వల్ల ముందు పిక్క కాస్త వెనక్కి వచ్చి బరువు రెండు కాళ్ల మధ్యకు చేరుతుంది. వెనక మడమ ఎత్తడం వల్ల వెనక మోకాలు వంగడానికి వీలవుతుంది. మొదలు పెట్టడానికి ముందు 3 డిగ్రీలు, వెనక 3 డిగ్రీలు చాలామందికి సరిపోతాయి. పొడవాటి కాళ్లు, వెడల్పు స్టాన్స్ ఉన్నవాళ్లు వెనక 6 దాకా వెళ్తారు.

అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ 30 సెం.మీ. బూటు కింద 3 డిగ్రీలంటే ఒక చివర ఒకటిన్నర సెంటీమీటరు పైకి లేస్తుంది. 6 డిగ్రీలంటే మూడు సెంటీమీటర్ల పైమాట. అందుకే ఒకేసారి 0 నుంచి 6కి దూకకండి.

లిఫ్ట్ పెట్టాక నాలుగో దశలో చేసిన ఎడ్జ్ పరీక్ష మళ్లీ చేయాలి. ముందు వేళ్లూ వెనక మడమా పైకి లేచాయి కాబట్టి వాటికి ప్రమాదం తగ్గింది. కిందే ఉండిపోయినవి ముందు పాదం మడమ, వెనక పాదం వేళ్లు. మంచుకు తగిలేది ఇప్పుడు ఇవే. బూటును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపాల్సి వస్తే వీటికి అనుకూలంగా జరపండి.

## 8. క్యాంట్

కుంటి బల్ల కాలి కింద కాగితం మడత పెట్టినట్టే క్యాంట్ కూడా: ఎంత అవసరమో అంతే, అదీ చివరన. బూటు పై భాగం, స్ప్లే, లిఫ్ట్ అన్నీ కుదిరాక ఇంకా మోకాలు ఒక పక్కకు లాగుతుంటేనే దీనికి రండి. చాలామందికి ఈ దశకు వచ్చేసరికి చేయాల్సింది పెద్దగా ఉండదు.

బైండింగ్‌లు రెండు రకాలు. మొదటి రకంలో లిఫ్ట్ ముక్కలు వేరు, క్యాంట్ ముక్కలు వేరు. టో కిందో హీల్ కిందో దిమ్మ పెడితే లిఫ్ట్, పక్కకు వాలిన దిమ్మ పెడితే క్యాంట్. ఇందులో గందరగోళం లేదు.

రెండో రకంలో వాలు ఉన్న గుండ్రటి డిస్కు ఒకటే ఉంటుంది. బాంబర్ టీడీ3 అనే బైండింగ్‌లో 0, 3, 6 డిగ్రీల డిస్కులు వస్తాయి. డిస్కు ఎత్తైన వైపు ఎటు తిప్పితే అటు పాదం లేస్తుంది కాబట్టి లిఫ్ట్, క్యాంట్ రెండూ అందులోంచే పంచుకోవాలి. లెక్క ఇది:

- ఎత్తైన వైపు సరిగ్గా పాదం దిశలో ఉంటే మొత్తం లిఫ్ట్, క్యాంట్ సున్నా.
- పాదం దిశ నుంచి 30 డిగ్రీలు పక్కకు తిప్పితే, 3 డిగ్రీల డిస్కుకు లిఫ్ట్ 2.6, క్యాంట్ 1.5.
- అదే 6 డిగ్రీల డిస్కుకు లిఫ్ట్ 5.2, క్యాంట్ 3.

తేలిక పద్ధతి అనుకుని చాలామంది ముందు డిస్కు ఎత్తును నేరుగా నోస్ వైపు, వెనక డిస్కు ఎత్తును నేరుగా టెయిల్ (బోర్డు వెనక కొన) వైపు పెడతారు. ముందు పాదం 60 డిగ్రీలలో ఉంటే నోస్ దిశ దానికి 30 డిగ్రీల పక్కన ఉంటుంది. అంటే వేళ్లతో పాటు పాదం బయటి అంచు కూడా లేస్తుంది. వెనక పాదంలోనూ మడమతో పాటు బయటి అంచే లేస్తుంది. ఫలితంగా రెండు మోకాళ్లూ లోపలికి వాలతాయి. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, ముఖ్యంగా స్టాన్స్ వెడల్పుగా ఉన్నవాళ్లకు. మోకాళ్లు ముందే లోపలికి ఉండేవాళ్లకు మాత్రం ఇదే మోకాలి లోపలి వైపు నొప్పికి మూలం కావచ్చు. వాళ్లు ఎత్తైన వైపును పాదం దిశకు దగ్గరగా తిప్పుకోవాలి.

చేసే పద్ధతి:

1. మొదట క్యాంట్ సున్నా, అంటే లిఫ్ట్ మాత్రమే.
2. బూట్లు బిగించి సగం కూర్చుని లేవండి, పదిసార్లు. మోకాలు వెళ్లే దారి పక్కన ఉన్నవాళ్లు ముందు నుంచి చూడాలి.
3. అరికాలి ఒత్తిడి గమనించండి. బొటనవేలి వైపు, చిటికెనవేలి వైపు ఒకేలా ఉండాలి.
4. చిటికెనవేలి వైపే బరువు పడుతూ, మోకాలు బయటికి పోతుంటే బయటి అంచు కొద్దిగా ఎత్తండి. బొటనవేలి వైపే పడుతూ మోకాలు లోపలికి పోతుంటే లోపలి అంచు ఎత్తండి.
5. ఒకసారికి ఒకటి రెండు డిగ్రీలు, ఒక పాదానికే. రెండో పాదం ఇంకో రోజు.

## 9. స్క్రూలు: తొందర పనికిరాని చోటు

స్నోబోర్డు ఇన్సర్ట్‌లకు వాడేవి ఎం6 స్క్రూలు. వీటికి ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు దిగుతుంది. అందుకని కొలిచే పరికరం లేకపోయినా చుట్లు లెక్కపెడితే లోతు తెలిసిపోతుంది.

బైండింగ్ పక్కన పెట్టి, ఖాళీ స్క్రూను ఇన్సర్ట్‌లోకి వేళ్లతో తిప్పండి. ఎన్ని చుట్లకు అడుగు తగిలిందో రాసుకోండి. ఇప్పుడు డిస్కు, దిమ్మ, వాషర్ అన్నీ పెట్టి మళ్లీ తిప్పండి. కనీసం ఐదారు చుట్లు పట్టాలి, అడుగు మాత్రం తగలకూడదు. లిఫ్ట్ దిమ్మ పెంచినప్పుడు పాత స్క్రూలు పొట్టి అవుతాయి. మూడు చుట్లకే బిగిసినట్టు అనిపించే స్క్రూ సగం రోజుకు ఊడి చేతికొస్తుంది, లేదా ఇన్సర్ట్ మర తినేస్తుంది. దిమ్మ తీసేసినప్పుడు దీనికి తలకిందుగా జరుగుతుంది: పొడవు స్క్రూ ఇన్సర్ట్ అడుగును నెట్టి బోర్డు కింద బుడిపె లేపుతుంది.

- నాలుగు స్క్రూలూ ముందు వేళ్లతో పట్టించండి. ఒక్కటీ అడ్డం పోకూడదు.
- ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.
- చిన్న అలెన్ కీతో మణికట్టు బలం చాలు. పొడుగు పిడి, డ్రిల్ మెషిన్ వద్దు.
- మర వదులవకుండా ద్రవం వాడితే మళ్లీ విప్పడానికి వీలయ్యే రకమే వాడండి. ప్లాస్టిక్ భాగాలకు అంటనివ్వకండి, కొన్ని రకాలు ప్లాస్టిక్‌ను పగుళ్లు తీస్తాయి.
- బిగించాక బోర్డు తిరగేసి అడుగు మీద వేలితో తడమండి. ఇన్సర్ట్‌ల దగ్గర గుంటలు తగిలితే ఎక్కువ బిగించారని అర్థం, కొద్దిగా వదలండి.

అన్నీ అయ్యాక డిస్కు అంచు నుంచి బోర్డు మీదికి మాస్కింగ్ టేపు అంటించి ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా గీత రెండు ముక్కలై కనిపిస్తే బైండింగ్ తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది.

## 10. స్లోప్ మీద పరీక్ష

పరీక్ష చేసేది వెడల్పుగా, తక్కువ వాలుతో, నున్నగా చదును చేసిన స్లోప్ మీద. మొదటి రెండు రన్‌లలో ఏదీ మార్చకండి, ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత ఒక్కో మార్పుకు రెండు మూడు రన్‌లు, అదే స్లోప్ మీద. మంచు మెత్తబడ్డాక వచ్చిన ఫలితాన్ని పొద్దున గట్టి మంచు మీద వచ్చిన ఫలితంతో పోల్చకండి.

మార్పు చేయాలంటే స్లోప్ అంచుకు పూర్తిగా పక్కకు వచ్చి, పైనుంచి వచ్చేవాళ్లకు కనిపించే చోట కూర్చోండి. బోర్డును తలకిందులుగా, బైండింగ్‌లు మంచులో దిగేలా పెట్టండి, లేకపోతే మీకన్నా ముందు అది కిందికి చేరుతుంది. హార్డ్ బూటు బైండింగ్‌లు పడినప్పుడు స్కీ బైండింగ్‌లలా ఊడిపోయేవి కావు. కాబట్టి కొత్త అమరికతో మొదటి రన్ నెమ్మదిగానే.

బూటు ఎక్కించే ముందు ప్రతిసారీ అడుగున అంటిన మంచు గీకేయాలి. రెండు మిల్లీమీటర్ల మంచు పొర కూడా మీరు ఇంట్లో కష్టపడి పెట్టిన క్యాంట్‌ను తారుమారు చేస్తుంది.

రన్ అయ్యాక వెనక్కి చూసి మీ గాడిని చదవండి. శుభ్రమైన కార్వ్ ఒకటే సన్నటి గాడి వదులుతుంది. ఆ గాడి పక్కనే సమాంతరంగా చిన్న గీత, లేదా అక్కడక్కడా గీరిన గుర్తులు కనిపిస్తే బూటో లివరో తగులుతోంది. టో సైడ్ (వేళ్ల వైపు ఎడ్జ్ మీద) మలుపులోనా, హీల్ సైడ్‌లోనా (మడమ వైపు) అన్నది చూస్తే ఏ పాదం ఏ చివరో పట్టుబడుతుంది. ఎడ్జ్ హఠాత్తుగా వదిలేసి పక్కకు జారిపడితే, లేచిన వెంటనే చూడాల్సింది కూడా ఆ గాడినే.

## 11. ఏమనిపిస్తే ఏం మార్చాలి

వెనక తొడ మండుతోంది. బరువు వెనక్కి పోతోంది. ముందు పాదం వేళ్ల లిఫ్ట్ ఎక్కువైందేమో చూసి తగ్గించండి. తగ్గించడానికి లేకపోతే వెనక బూటు ముందుకు వాలును ఒక గాటు మార్చి చూడండి.

ముందు తొడ మండుతోంది, ముందు పిక్క ఎముక బూటు నాలుకకు ఒత్తుకుంటోంది. ముందు లిఫ్ట్ చాలలేదు, లేదా వెనక మడమ మరీ ఎత్తై మిమ్మల్ని ముందుకు తోస్తోంది.

హీల్ సైడ్ మలుపులో బోర్డు దడదడలాడుతూ జారుతోంది. ఎక్కువ మంది ఫిర్యాదు ఇదే, ఎక్కువ మంది తప్పు చోట వెతికేదీ ఇక్కడే. మొదట బూటు మధ్యలో ఉందో లేదో చూడండి. టో ఎడ్జ్ వైపు జరిగి ఉంటే హీల్ ఎడ్జ్‌కు పట్టు తగ్గుతుంది. అది సరిగ్గా ఉంటే స్టాన్స్ వెడల్పు ఒక సెంటీమీటరో రెండో తగ్గించండి. అదీ సరిగ్గా ఉంటే సమస్య బైండింగ్‌లో లేదు, కూర్చునే తీరులో ఉంది: పిరుదులు బోర్డు బయటికి వేలాడుతూ, భుజాలు బోర్డుకు అడ్డంగా ఉన్నాయి. దాన్ని ఏ డిస్కూ సరిచేయలేదు.

టో సైడ్‌లో పట్టు రావడం లేదు. పైదానికి తలకిందులు. బూటు హీల్ ఎడ్జ్ వైపు జరిగి ఉండొచ్చు, లేదా కోణం అవసరానికి మించి పెరిగి వేళ్లు ఎడ్జ్‌కు దూరమై ఉండొచ్చు.

వెనక మోకాలు లోపలి వైపు నొప్పి. ముందు స్ప్లే చూడండి, తర్వాతే క్యాంట్. క్యాంట్ లోపలికి ఎక్కువగా ఉంటే ఒక మెట్టు తగ్గించండి. రెండు మార్పుల తర్వాత కూడా నొప్పి అలాగే ఉంటే బోర్డు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి. పదునైన నొప్పిని అలెన్ కీతో వెంటాడకూడదు.

అరికాలు తిమ్మిరెక్కుతోంది. చాలాసార్లు ఇది బకిల్ మరీ బిగించడం వల్ల. బైండింగ్ ముట్టుకోకండి.

మలుపు ఆలస్యంగా మొదలవుతోంది. బైండింగ్‌లు రెండూ కలిపి ఒక వరుస ఇన్సర్ట్‌లు ముందుకు జరపండి. మలుపు చివర టెయిల్ వదిలేస్తుంటే వెనక్కి జరపండి.

## 12. రాసుకోవాల్సినవి

- బోర్డు పేరు, పాదాల దగ్గర వెడల్పు
- స్టాన్స్ వెడల్పు, మధ్య గుర్తు నుంచి దూరం
- ముందు, వెనక కోణాలు
- ముందు, వెనక లిఫ్ట్. డిస్కు ఎత్తైన వైపు ఎటు ఉంది
- టో, హీల్ ముక్కలు ఎన్నో గాటులో ఉన్నాయి
- బూటు ముందుకు వాలు గాట్లు
- ఏ పొడవు స్క్రూ ఎక్కడ
- మంచు ఎలా ఉంది, మార్పు వల్ల ఏమైంది (ఒక్క వాక్యం చాలు)

బోర్డు మార్చినప్పుడు ఈ పేజీలోంచి అన్నీ ఎత్తిరాయకండి. లిఫ్ట్, క్యాంట్, స్టాన్స్ వెడల్పు, స్ప్లే మీ ఒంటివి, అవి కొత్త బోర్డు మీదికి అలాగే వస్తాయి. డిస్కు రకం బైండింగ్ అయితే కోణం మారినప్పుడల్లా ఎత్తైన వైపును పాదంతో పాటు తిప్పడం మరవకండి. కోణాలూ బూటు మధ్య స్థానమూ మాత్రం నాలుగో దశ నుంచి మళ్లీ కొలవాలి. బూట్లు మార్చితే రెండో దశ నుంచి.